పొనికి పలకలో గట్టి చోటు

శ్రీరాంపూర్ బొగ్గు బాయిలో పనిచేసినన్నాళ్లూ, పాత సొరంగంలో దీపం కదిలిందని ఎవరైనా చెబితే నేను అటే నడిచి చూసొచ్చేవాణ్ని. ఒకసారి నిలవ నీటిలో మా దీపాలే మెరిశాయి. ఇంకోసారి గాలి తలుపు వదులై కొట్టుకుంటోంది. దయ్యం మాత్రం ఎప్పుడూ ఎదురు కాలేదు, ఉంటుందని నేను అనుకోనూ లేదు. ఇప్పటికీ అనుకోవడం లేదు. అయినా ఈ సంగతి రాస్తున్నాను. ఏ రోజు పని ఆ రోజే డైరీలో రాసుకునే అలవాటు నాది కాబట్టి, ఇది జ్ఞాపకంలో పెరిగిన కథ కాదని మాత్రం చెప్పగలను.

బాయిలో నేను సర్దారును. మనుషులు లోపలికి పోకముందే కర్రతో పైకప్పు కొట్టి చూడటం నా పని. గట్టిగా పలికితే కప్పు మంచిది, కింద నిలబడవచ్చు. డొల్లగా పలికితే పొర విడిచిందని అర్థం. అప్పుడు ఊతంగా కర్ర దిమ్మె నిలబెట్టించాలి, లేదా మనుషుల్ని వెనక్కి పంపాలి. రిటైరై నస్పూర్‌లో ఇల్లు కట్టుకున్నా ఆ చెవి పోలేదు. కొత్త గోడ కనబడినా వేలితో కొట్టి చూస్తాను.

మా అమ్మాయి స్వరూప మంచిర్యాలలో ఒక బడిలో ఆటల టీచరు. స్కూటీ మీద నుంచి పడి ఎడమ కాలు విరిగింది. ఆపరేషన్ తర్వాత ఆ కాలు కొంచెం పొట్టిదైంది, బలం తగ్గింది. బడి వాళ్లు ఆమెను ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. పిల్లలు మైదానంలో అరుస్తుంటే తను కిటికీ మూసుకునేదట. ఆ మాట నాతో చెప్పలేదు, వాళ్లమ్మతో చెప్పింది.

పడకముందు విశాఖ సముద్రంలో ఒకసారి ప్యాడిల్ బోర్డు ఎక్కింది. వెడల్పాటి పలక మీద నిలబడి పొడుగు తెడ్డుతో నీళ్లు తోస్తూ పోవడమే ఆ ఆట. ఒకరోజు అన్నం తింటూ అన్నది: "బాపు, నువ్వు నాకో పలక చేసియ్యి. నీళ్ల మీద నిలవడితె నేల మీద నాకింక ఫికరుండది."

వాళ్లమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నేను మాత్రం మర్నాడే నక్షా గీయడం మొదలుపెట్టాను.

కర్ర నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి. గోటితో నొక్కితే గుంట పడుతుంది, కానీ అంత తేలికైన కర్ర మా వైపు ఇంకొకటి లేదు. మధ్యలో ప్లైవుడ్ వెన్నుపట్టీ, దానికి అడ్డంగా చేప ముళ్లలా పట్టీలు, పైనా కిందా సన్నని పొనికి బద్దలు అతికించి, ఆ మీద పడవలకు వేసే గాజు నార గుడ్డ, జిగురు. లోపలంతా ఖాళీ. సాయానికి భీంరావ్ వచ్చాడు. బాయిలో దిమ్మెలు నిలబెట్టిన మనిషి. సరిహద్దున బేల ఊరి వైపు మరాఠీ ఇంట్లో పుట్టి మా కాలనీలో ముసలివాడైనవాడు.

మొదటి పలక నా చెవి వల్ల చెడిపోయింది. పైబద్దలు అతికించే ముందు ఊరికే పేర్చి తట్టి చూసిన ప్రతిసారీ డొల్ల శబ్దం. పడవ పలక అలాగే పలకాలని నాకు తెలుసు, కానీ ఆ శబ్దం మీద నా బిడ్డను నిలబెట్టడానికి మనసు ఒప్పుకోలేదు. పలికిన చోటల్లా ఇంకో పట్టీ వేశాను. పూర్తయ్యాక ఇద్దరం కలిసి ఎత్తలేకపోయాం.

"అరె సర్దార్," అన్నాడు భీంరావ్ నడుం పట్టుకుని, "గిది పడవ కాదు, దర్వాజ. గోదావరిల ఏస్తె ఎవలన్న ఇల్లు కట్టుకుంటరు."

రెండోది మళ్లీ మొదటి నుంచి చేశాను. ఈసారి నక్షాలో ఉన్నన్ని పట్టీలే. శబ్దం జోలికి పోనని నిశ్చయించుకున్నాను. అంతా ఆరి, గరుకు కాగితం పట్టాక, వరండాలో పట్టపగలు, అతుకులు సరిగా పట్టాయో లేదో చూడటానికి మాత్రం చిన్న కర్రతో తట్టుకుంటూ పోయాను. అంతటా డొల్ల. ఒక్క చోట తప్ప.

నిలబడే చోటు అని నేను గీసుకున్న గుర్తుకు ఎడమ పక్కన, బెత్తెడు దూరంలో, రెండు అరచేతులంత మేర గట్టిగా పలికింది. కింద రాయి ఉన్నట్టు. అక్కడ ఏ పట్టీ లేదు. అది నా చేతులతో చేసిన పలక.

భీంరావ్‌కు ఏమీ చెప్పకుండా కర్ర ఇచ్చి తట్టమన్నాను. ముక్కు నుంచి మొదలుపెట్టి వచ్చి, అక్కడే ఆగాడు. మళ్లీ తట్టాడు. "లోపట దిమ్మె నిలవెట్టినట్టున్నది," అన్నాడు. మా ఆవిడ వచ్చి కొబ్బరికాయను చూసినట్టు వేళ్లతో కొట్టి, "గీడ నిండుగున్నది," అని లోపలికి పోయింది. ఆమెకు అందులో వింతేమీ కనబడలేదు.

జిగురు కారి గడ్డ కట్టిందనుకున్నాను. ఆ ముక్క కోసి తీశాను. టార్చి వేసి చూశాం, చెయ్యి పెట్టి తడిమాం. గడ్డ లేదు, తడి లేదు, శుభ్రంగా ఖాళీ. కోసిన ముక్కను వేలాడదీసి తట్టితే మిగతా పొనికి లాగానే పలికింది. తిరిగి అతికించి, గుడ్డ వేసి, ఆరనిచ్చి తట్టాను. మళ్లీ గట్టి.

నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. నీటి తొట్టిలో ఒక్కొక్క వైపే ముంచి చూశాను, చుక్క కూడా లోపలికి పోలేదు. నీటికి ఆగే పలకను శబ్దం కోసం ఆపకూడదని నిర్ణయించాను.

గోదావరి ఒడ్డున నడుము లోతు మించని మడుగు చూసుకున్నాం. స్వరూప లైఫ్ జాకెట్ వేసుకుంది. నేను ఒక పక్క, భీంరావ్ ఇంకో పక్క నీళ్లలో నిలబడ్డాం. నా గుర్తు మీద మోకాళ్లతో బాగానే కూర్చునేది. లేచి నిలబడగానే పలక కుడికి ఒరిగి ఆమెను పడేసేది. అక్కడికి పోయిన ప్రతి ఉదయమూ అంతే. ఒకరోజు పడి లేచి, నీళ్లలో అలాగే నిలబడి ముఖం తుడుచుకోకుండా అవతలి ఒడ్డు చూస్తూ ఉండిపోయింది. ఇక చాలు అంటుందేమోనని నేను ఎదురు చూశాను.

"బాపు, నీ గట్టి జాగ ఏడున్నది?" అన్నది.

చూపించాను. "అది మధ్యల లేదు బిడ్డ, పలక తిరగవడ్తది," అన్నాను.

"మధ్యల నిలవడ్డా తిరగవడవట్టె. జర పక్కకు జరుగు."

పాదాలు ఆ చోటుకు అటూ ఇటూ పెట్టి లేచింది. పలక కదలలేదు. భీంరావ్ చెయ్యి తీసేశాడు, నేను తీయలేదు. తనే తెడ్డుతో నా చెయ్యి మీద మెల్లగా తట్టింది. తీశాను. అవతలి రెల్లు దుబ్బుల దాకా పోయి వచ్చింది. నేను నీళ్లలో నిలబడి ఉండటం వల్ల నా ముఖం తడిగా ఉండటాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఇంటికి వచ్చి నక్షా ముందేసుకున్నాను. ఆమె నిలబడటానికి కారణం దొరికింది. బరువంతా కుడి కాలి మీద మోపుతుంది కాబట్టి, కొంచెం ఎడమకు జరిగి నిలబడితేనే ఆ బరువు పలక మధ్యగీత మీదికి వస్తుంది. అదే చోట నేనూ భీంరావూ నిలబడి చూశాం, ఇద్దరం పడ్డాం. ఇంతవరకు లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఆమె పలక ఎక్కక ముందే, ఆమె కాలి సంగతి నేను నక్షాలో తలవకుండానే, ఆ కర్ర అక్కడే ఎందుకు గట్టిగా పలికింది? దీనికి లెక్క లేదు.

చలికాలం పోయి ఎండాకాలం వచ్చేదాకా స్వరూప అక్కడే నిలబడి తెడ్డేసింది. బడిలో మళ్లీ మైదానంలోకి దిగింది, ఈల మెడలో వేసుకుని. నది నుంచి ఇంటికి తెచ్చిన ప్రతిసారీ నేను పలక తట్టేవాణ్ని. గట్టిగానే పలికేది.

ఒక ఉదయం ఒడ్డు నుంచి చూస్తుంటే ఆమె పాదాలు నా పాత గుర్తు మీద, సరిగ్గా నడిమధ్యలో ఉన్నాయి. ఎప్పుడు జరిగిందో ఆమెకే తెలియదు. రెండు కాళ్ల మీద సమంగా నిలబడి, భీంరావ్‌తో ఏదో మాట్లాడి నవ్వుతోంది.

ఇంటికి తెచ్చి, తుడిచి, తట్టాను. డొల్ల. ఎడమ పక్క, కుడి పక్క, చుట్టూ అంతా ఒకే డొల్ల. భీంరావ్‌ను పిలిచాను. ఆయన తట్టి, కర్ర గోడకు ఆనించి, టీ అడిగాడు. తాగి గ్లాసు కింద పెట్టి, "పనైపోయింది గద సర్దార్, తీసుకపోయిన్రు," అన్నాడు.

బాయిలో మాకు అది రివాజే. ఒక చోట బొగ్గు తీయడం పూర్తయితే అక్కడి దిమ్మెలు ఊడదీసి తర్వాతి పనిచోటికి మోసుకుపోతారు. ఎన్నోసార్లు నేనే దగ్గర నిలబడి తీయించాను. ఈ దిమ్మెను ఎవరు నిలబెట్టారో, ఎవరు తీశారో, ఇప్పుడు అది ఎవరి కింద ఉందో నేను చెప్పలేను.