కంప్యూటర్ గదికి నేను పెద్దనైన ఏడాది

తొంభైల మొదట్లో మా భిలాయి కాలేజీకి ఎనిమిది కంప్యూటర్లు వచ్చినప్పుడు, వాటిని చూసుకునే ఉద్యోగానికి ఇంకా పేరు లేదు. లెక్కల మాస్టారు తనంతట తానే ఆ పని నెత్తిన వేసుకున్నారు. ఆయనది శ్రీకాకుళం వైపు. నేను ఆ ఊళ్ళోనే ఖుర్సీపార్ బస్తీలో పెరిగాను, స్టీల్ ప్లాంటు కార్మికుడి కూతుర్ని, అప్పుడే చేరిన లెక్చరర్ని. తెలుగమ్మాయినని నన్ను సాయానికి పిలిచారు.

ఎర్రదుమ్ము పడకుండా ఆయన భార్య పాత చీరలతో కంప్యూటర్లకు ముసుగులు కుట్టింది. మౌస్ ముట్టుకోవడానికి జంకే హిందీ మేడమ్‌ని "దీదీ, ఇది కరవదు" అని ఆయన నవ్వించేవారు. మెషీన్లు తన గదిలోనే ఉండాలన్న ప్రిన్సిపాల్‌తో గొడవపడి, వాటిని లైబ్రరీ పక్క గదికి తెప్పించారు. ఆ గది తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది, పాడైన మెషీన్ని విప్పి బాగుచేసేదీ ఆయనే.

మూడేళ్ళకు యాజమాన్యం కంప్యూటర్ విభాగానికి అధిపతి పోస్టు పెట్టింది. డిప్లొమా ఉండాలన్నారు. మాస్టారికి లేదు. నాకుంది, ఆయన పోరు పడలేకే సాయంత్రాలు వెళ్ళి చదివాను.

"నేను అప్లై చెయ్యను సర్. అది మీ కుర్చీ" అన్నాను.

"నీకేటి పిచ్చా అమ్మీ? నువ్వు కాకపోతే బయటోడెవడో వస్తాడు. గదికి తాళం పడిపోద్ది. పెట్టు."

దరఖాస్తు దగ్గరుండి నింపించారు.

ఉద్యోగం వచ్చింది. వారం తిరక్కుండానే ప్రిన్సిపాల్ నా ముందు ఒక కాగితం పెట్టారు. డిప్లొమా లేనివాళ్ళు మెషీన్లు విప్పకూడదు, తాళంచెవి విభాగాధిపతి దగ్గరే ఉండాలి. అందులో ఎవరి పేరూ లేదు. ఎవరి గురించో మా ఇద్దరికీ తెలుసు.

"సైన్ కర్ దీజియే, మేడమ్."

కొత్త ఉద్యోగం. ఇంట్లో నాన్న రిటైరై కూర్చున్నారు. సంతకం పెట్టాను.

మర్నాడు మాస్టారు వచ్చి తాళంచెవి నా బల్ల మీద ఉంచారు. "ఇదిగోండి, మేడమ్."

"సర్, నేను..." అన్నాను. క్లాసుకు టైమైందంటూ ఆయన వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ గదిలో అడుగు పెట్టలేదు. మెషీన్ పాడైతే రాయ్‌పూర్ మెకానిక్ కోసం వారాలు ఎదురుచూసేవాళ్ళం. ఆయన మాత్రం నాలుగు గదుల అవతల నల్లబల్ల మీద లెక్కలు చేస్తూ ఉండేవారు.

ఆయన రిటైరయ్యాక ధైర్యం చేసి వాళ్ళింటికి వెళ్ళాను. భార్య తలుపు సగమే తీసింది.

"పడుకున్నారమ్మా."

లోపల్నుంచి ఆయన దగ్గు వినబడింది. ఆవిడ తల దించుకుంది. నేను తిరిగొచ్చేశాను. నెలలోపే వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి ఊరెళ్ళిపోయారు. నేను రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు.

ఆ తరవాతి ఏడాది కొత్త ప్రిన్సిపాల్ వచ్చారు. ఆ నియమం చదివి "ఇది దేనికి?" అని అడిగారు. అక్కర్లేదన్నాను. అక్కడికక్కడే కొట్టేశారు. ఇంత సులువా అనుకున్నాను.

ఇంటికొచ్చి వంటింటి గడప మీద కూలబడ్డాను. "ఏటయిందే?" అని అమ్మ కంగారుగా అడిగింది. ఆమె కొంగులో మొహం దాచుకుని ఏడ్చాను.