పాట మొదలైతే తలుపు మూసే చిన్నమ్మ

మా చిన్నమ్మ మొన్న గురువారం ప్రొద్దుటూరులో కన్నుమూసింది. జమ్మలమడుగులో ఆడపిల్లలకు చరిత్ర చెప్పిన పంతులమ్మగా ఆమె కొందరికి తెలుసు. ఆదివారం మధ్యాహ్నాల్లో స్కూలు హాలు కిటికీలకు దుప్పట్లు కట్టి, మద్రాసు నుంచి తెప్పించిన విదేశీ సినిమాలు చూపించిన మనిషిగా ఇంకా ఎక్కువమందికి తెలుసు.

వాటిలో ఒక ఇటలీ సినిమా అంటే ఆమెకు ప్రాణం. తండ్రి ముందు నోరు పెగలని కుర్రవాడి కథ. భాష మనకు రాదు కనుక, తెర పక్కన నిలబడి తెలుగులో చెప్పేది.

మొదటిసారి ఆ సినిమా వేసినప్పుడు, గిటారూ డ్రమ్ములూ మోగగానే వెనక బెంచీల మగవాళ్లు లేచారు. మన హాళ్లలో పాట వచ్చిందంటే బీడీకి వేళయిందనే కదా! చిన్నమ్మ గబగబా పోయి తలుపు మూసి, వీపు ఆనించి నిలబడింది.

"పాటేగదమ్మా, ఒక దమ్ము కొట్టి వస్తాం" అన్నాడు ముందున్న పెద్దాయన.

"కూచ్చోప్పా. ఇంతసేపూ వాళ్ల నాయన మాట్లాడినాడు. ఇప్పుడు పిల్లోడు మాట్లాడతాండాడు."

"యాడ మాట్లాడతాండాడు? నోరే తెరవకపాయె!"

"ఆ డ్రమ్ములే వాని నోరు. నీ కొడుకు మాట గూడా ఇట్లనే బీడీకి పోగొట్టుకుంటాండావేమో, చూసుకో."

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వి కూర్చున్నాడు. రెండు బెంచీల ముందున్న ఆయన కొడుకు మాత్రం నవ్వలేదు. తెర మీంచి చూపు తిప్పలేదు.

నాకు మొదటినుంచీ అన్నీ అనుమానాలే. "ఎక్కడో పిల్లల గోల మన పిల్లలకెందుకు చిన్నమ్మా?" అని అడిగాను ఒకసారి.

రీలు చుడుతూనే అంది: "కేక వాళ్లదేలే పాపా. కేక పెట్టాలని మన పిల్లోళ్లకు ఉండదా ఏంది?"

ఆ మాటతో నా అనుమానం తీరిందని చెప్పలేను. కానీ పులివెందుల స్కూల్లో ఒకసారి వేసినప్పుడు అదే సినిమా చూసి ఒక అమ్మాయి, "ఇంత పాట అయినంక వాడు మళ్లా ఆ ఇంటికే పోతాడా మేడమ్?" అని అడిగింది. "పోతాడు. అయితే ముందటి మాదిరి తల వంచుకొని పోడు" అంది చిన్నమ్మ. ఆ పిల్ల ముఖం నాకింకా గుర్తుంది.

చిన్నమ్మ పోయాక పలకరింపుకు వచ్చిన స్కూలు కమిటీ పెద్ద, "ఆమెతోనే ఆ సినిమాలు గూడా సరి. నీతో అయ్యే పని గాదులేమ్మా" అన్నాడు. అప్పటికి నేనూ అదే అనుకుంటూ ఉన్నాను. కానీ ఆయన నోట వినేసరికి ఒప్పుకోబుద్ధి కాలేదు.

"ఈ ఆదివారం వేస్తాండా మామా. ఆ పై ఆదివారం గూడా."

వేశాను. తడబడుతూనే కథ చెప్పాను. డ్రమ్ములు మోగగానే తెర వదిలి తలుపు వైపు పరుగెత్తాను.

నాకంటే ముందే, ఆనాడు దమ్ముకని లేచిన పెద్దాయన అక్కడున్నాడు. తలుపు మూసి, వీపు ఆనించి నిలబడ్డాడు. చెవి మీద వెలిగించని బీడీ.