తెల్లబడ్డ ప్లగ్గు

బండి ఎందుకు స్టార్టు కావడం లేదో యజమాని చెప్పేదాంట్లో సగం అబద్ధమని ఆ మెకానిక్కు గట్టి నమ్మకం. "నువ్వు ఆగు. దాన్ని చెప్పనీ," అనేవాడు. కంపెనీలు మూతపడి విడిభాగాలు దొరకని మోటారుసైకిళ్ళు, తండ్రుల కాలం నాటివి, కుర్రకారు చూసి నవ్వేవి, అన్నీ ఆయన రేకుల షెడ్డుకే చేరేవి. చెవి ఇంజను దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని, ఒక్క మాటలో రోగం తేల్చేవాడు. అందుకే చెవుల మేస్త్రి అన్నారు. ఆ పేరు వినపడితే ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

ఆయన పనికి ఒక వరస ఉంది. ముందు ప్లగ్గు ఊడదీసి, ఇంజను మీద ఆనించి, కిక్కు కొట్టి, నిప్పురవ్వ నీలంగా పడుతోందా చూడాలి. రవ్వ ఉంటే పెట్రోలు అందుతోందా చూడాలి. అదీ ఉంటే గాలి సంగతి. బండి స్టార్టయిందని చేతులు కడుక్కోకూడదు. నాలుగు మైళ్ళు తోలి, వేగంలో ఉండగానే ఇంజను ఆపి, ప్లగ్గు మళ్ళీ తీసి రంగు చూడాలి. నల్లబడితే పెట్రోలు ఎక్కువ. గోధుమరంగైతే ఆరోగ్యం. సున్నంలా తెల్లబడితే గాలి ఎక్కువై ఇంజను లోలోపల కాలిపోతోందని అర్థం. "ప్లగ్గు రంగు చూడనివాడు నాడి చూడని వైద్యుడు," అని వచ్చినవాళ్ళందరికీ పాఠం చెప్పేవాడు.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్టిలో పడ్డట్టు, సొంత చెల్లెలి మొగుడి బండి దగ్గరే ఆ చివరి పని ఎగ్గొట్టాడు.

తల్లి పోయాక ఆ చెల్లెల్ని పెంచింది ఆయనే. పానాలు పట్టే చేత్తోనే జడ వెయ్యడం నేర్చుకున్నాడు. పెళ్ళి చేసి ఒక దర్జీకి ఇచ్చాడు. ఆ దర్జీ ఫ్యాక్టరీ వాళ్ళకు తెల్ల యూనిఫారాలు కుట్టి, మూటలు కట్టి, తన ముసలి మోటారుసైకిలు మీద చేరవేసేవాడు. ఒక పొద్దున ఆ బండిని తోసుకుంటూ, చెమటలు కక్కుతూ షెడ్డుకు వచ్చాడు.

"నలభై కిక్కులు కొట్టాను బావా. నా కాలు స్టార్టయింది గానీ ఇది కాలేదు."

"ఇంట్లో పెళ్ళాం మాట నువ్వు వినవు, బండి నీ మాట ఎందుకు వినాలి?" అని మేస్త్రి నవ్వుతూనే ప్లగ్గు విప్పాడు.

రవ్వ పడుతోంది. పెట్రోలు వస్తోంది. కార్బొరేటరు విప్పితే అందులో సన్నటి రంధ్రం ఒకటి మూసుకుపోయి ఉంది. ఊది శుభ్రం చేశాడు. తిరిగి బిగించబోతే, కార్బొరేటరుకూ ఇంజనుకూ మధ్య గాలి దూరకుండా వేసే ప్యాకింగు చిరిగి చేతిలోకి వచ్చింది. ఆ బండికి కొత్తది దొరకదు. దళసరి ప్యాకింగు కాగితం తెప్పించి, కొలత ప్రకారం కత్తిరించాలి. దర్జీకేమో మూటలు చేరవేసే తొందరలో కాలు నిలవడం లేదు. మేస్త్రి అటూఇటూ చూసి, బూట్ల పెట్టె అట్ట కత్తిరించి వేశాడు. పాత ప్లగ్గు పారేసి కొత్తది బిగించాడు. ఒక్క కిక్కుకే బండి అందుకుంది.

"సాయంత్రం రా. అట్ట తీసి సరైనది వేస్తాను. ప్లగ్గు రంగు కూడా చూడాలి."

దర్జీ ఆ సాయంత్రం రాలేదు. మూడోనాడు వీధిలో ఎదురుపడి, బండి ఆపకుండానే అరిచాడు. "ఏం మంత్రం వేశావు బావా! యాక్సిలరేటరు మీద చెయ్యి వదిలినా ఇంజను పరుగు తగ్గట్లేదు. కొత్తలో కూడా ఇలా ఉరకలేదిది!"

చెయ్యి వదిలినా తగ్గడం లేదంటే ఎక్కడో గాలి దూరుతోందని. ఇంకొకడెవడైనా ఆ మాట అంటే మేస్త్రి బండికి అడ్డంపడి ఆపేవాడే. కానీ ఆ పూట పక్కన నలుగురున్నారు, నలుగురూ ఆ మెచ్చుకోలు విన్నారు. మేస్త్రి మీసం దువ్వుకుని చెయ్యి ఊపాడు. పొగడ్త దూరాక ఎంత గొప్ప చెవైనా చెవిటిదే.

తొమ్మిదో రోజున, తిన్నని రోడ్డు మీద, ఇంజను పట్టేసింది. వెనకచక్రం బిగుసుకుపోయింది. వెనకాలే లారీ. అంతే.

దర్జీ వాళ్ళన్న, ఆ ఇంటి పెద్దమనిషి, "తాగి తోలాడు" అని తీర్పు చెప్పేశాడు. ఎవరు చూశారయ్యా అంటే ఎవరూ చూడలేదు. చచ్చినవాడు లేచొచ్చి కాదనడు గదా! నెల తిరక్కుండానే ఆ మాట ఫ్యాక్టరీ దాకా పాకింది. చెల్లెలు కుళాయి దగ్గరికి వెళితే అక్కడివాళ్ళ మాటలు ఠక్కున ఆగిపోయేవి.

పోలీసులు బండి వదిలిన రోజున ఆవిడ దాన్ని తోపుడుబండి మీద వేయించి నేరుగా షెడ్డుకు తెచ్చింది.

"విప్పు అన్నయ్యా. ఆయన తాగి పడ్డాడో, బండే పడేసిందో నాకు తేలాలి. నువ్వు చెబితే ఎవరూ కాదనరు."

ఖాళీ డబ్బా ఒకటి బోర్లించుకుని వెనకాలే కూర్చుంది.

మేస్త్రి కిక్కు తొక్కాడు. రాయిలా ఉంది, దిగలేదు. ట్యాంకు మూత తీసి వేలు ముంచాడు. ఆ రకం బండికి పెట్రోల్లోనే ఆయిలు కలపాలి, లేకపోతే పిస్టన్ ఎండిపోయి పట్టేస్తుంది. వేళ్ళు నున్నగా జారాయి. ఆయిలు సరిగ్గానే ఉంది. ప్లగ్గు విప్పాడు. సున్నంలా తెల్లగా ఉంది, కొసన కరిగిన లోహం చుక్కలు. ఇంక చూడక్కర్లేదు, అయినా కార్బొరేటరు విప్పాడు. అట్టముక్క ఒక పక్క నలిగి లోపలికి కుంగింది. అక్కడ గోరు దూరేంత సందు.

ఆయన వీపు చెల్లెలి వైపు ఉంది. అట్టను గుప్పిట్లో దాచుకున్నాడు.

"ఏమైంది?"

"ఇంజను పట్టేసింది. తాగుడు కాదు."

"ఎందుకు పట్టేసింది?"

"ఆయిలు తక్కువ కలిపినట్టున్నాడమ్మా. తొందర మనిషి గదా."

తాగుడుతో పోలిస్తే మతిమరుపు ఒక తప్పా, పోయినవాడికి ఏం నష్టం అనుకున్నాడు.

చెల్లెలు మెల్లగా అంది. "ఆయన ఎప్పుడు కలిపాడు? చేతికి ఆయిలంటితే తెల్లగుడ్డ పాడవుతుందని సీసా ముట్టేవాడే కాదు. పదకొండేళ్ళుగా నేనే పోస్తున్నాను. మూతతో కొలిచి రెండుసార్లు. ఆ రోజు ఒకసారి పోశాక పాలు పొంగుతున్నాయని లోపలికి పరిగెత్తాను. తిరిగొచ్చి రెండోది పోశానా? పోశాననే గుర్తు. పోయలేదా? అన్నయ్యా, నేనే చంపుకున్నానా?"

మేస్త్రి చప్పున నోరు తెరవలేదు. అదీ చెప్పి తీరాలి. నిమిషం పాటు, ఆ బరువు ఆవిడ ఎత్తుకుంటే తన భుజం తేలికైనట్టు తోచింది. ఆ తేలికకే ఆయనకు ఒళ్ళు జలదరించింది.

గుప్పిట విప్పాడు.

"నువ్వు రెండుసార్లూ పోశావు. ట్యాంకులో ఆయిలు సరిగ్గా ఉంది. ఇది నేను వేసిన అట్ట. ఇది నలిగి గాలి దూరింది. మీ ఆయన మూడోనాడే చెప్పాడు, నేనే చెవిన పెట్టలేదు."

చెల్లెలు ఆ ముక్కను తీసుకుని అటూఇటూ తిప్పి చూసింది. "అట్ట వెయ్యడం తప్పా?"

"ఒక పూటకైతే కాదు. మళ్ళీ చూడకపోవడం తప్పు."

"ఇప్పుడు నా నెత్తిన పెట్టబోయావే, అదేమిటి?"

మేస్త్రి వంగి నేలమీది ప్లగ్గు తీసుకున్నాడు.

"లే. చెప్పులేసుకో. మా బావగారి గుమ్మం ముందు ఇదంతా చెబుదువు గాని."

ఆవిడ ముందు, ఆయన వెనక. పెద్దమనిషి ఇంటి ముందు ఇరుగుపొరుగు చేరారు. మేస్త్రి ప్లగ్గూ అట్టా చూపించి, వరస తప్పకుండా అంతా చెప్పి, "ఆయన తాగలేదు. తప్పు నాది," అన్నాడు.

పెద్దమనిషికి పాత మాట మింగడానికి క్షణం పట్టలేదు, కొత్తది దొరికింది గదా! "సొంత చెల్లెలి కొంప కూల్చావు గదరా! నువ్వూ ఒక మేస్త్రివేనా? థూ!"

చెల్లెలు గిర్రున తిరిగింది. "మీరు నోరు ముయ్యండి బావగారూ. నెల్లాళ్ళు ఆయన్ని తాగుబోతన్న నోరది. మా అన్నను తిట్టాలంటే నేను తిడతాను."

మేస్త్రి తల వంచుకుని ఆ తిట్ల కోసం నిలబడ్డాడు. ఆవిడ తిట్టలేదు. ఆయన పక్కనుంచే నడిచి, అదే ఇంట్లోని తన వాటాలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. చేరినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆయన మాత్రం ఆవిడ గుమ్మం మెట్టు దగ్గరే చాలాసేపు ఉన్నాడు. లోపలినుంచి పిలుపు రాలేదు.