నేను నొక్కిన నవ్వు బొమ్మ

హిందీ, తెలుగు రెండూ వినబడే మా ఇనుప గనుల టౌన్‌షిప్‌లో ప్రతి ఇంటికీ ఫోన్లు వచ్చేసిన రోజుల్లో, బళ్లో కంప్యూటర్ పాఠాలు నా వంతు. ఫోన్లలో ఎలా మసలుకోవాలో కూడా పిల్లలకు నేనే చెప్పాలి. చెప్పడమంటే నాకు మహా సరదా. వినడమే కాస్త తక్కువ.

తొమ్మిదో తరగతిలో బాసగూడ వైపు అడవి పల్లె నుంచి వచ్చిన అమ్మాయి ఒకతి హాస్టల్లో ఉండి చదివేది. వాళ్ల ఊళ్లో తొమ్మిది దాకా వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఒక మధ్యాహ్నం క్లాసులో నోరు తెరిచి నిద్రపోతుంటే ఎవరో ఫోటో తీసి, దానికి మీసాలు దిద్ది, టీచర్లమూ ఉండే క్లాసు ఫోన్ గ్రూపులో పెట్టారు. మర్నాడు ఆమె బడికి రాలేదు.

సంగతి తెలిసి నాకు ఒళ్లు మండింది. అడక్కుండా ఫోటో తీయకూడదు, ఎగతాళి చేయకూడదు, చేస్తే నవ్వకూడదు అని బోర్డు నిండా రాశాను. “నవ్విన వాళ్లంతా లేచి నిలబడండి” అని గొంతు చించుకున్నాను. పిల్లలు నా వైపు అదోలా చూశారు తప్ప ఒక్కరూ లేవలేదు. బాగా భయపడ్డారని మురిసిపోయాను.

సాయంత్రం హాస్టల్‌కి వెళ్తే ఆ అమ్మాయి పెట్టె సర్దుతోంది. చదువు మానేసి, పొద్దున్నే వాళ్ల ఊరి వైపు వెళ్లే బీజాపూర్ బస్సెక్కుతుందట.

“ఎవరో చేసిన వెధవ పనికి చదువు మానేస్తావా అమ్మా? నవ్విన వాళ్లందరికీ గడ్డి పెట్టాను.”

“మీరు గూడ నవ్విండ్రు గద మేడమ్.”

పక్క మంచం అమ్మాయి ఫోను తెచ్చి చూపించింది. ఫోటో కింద వరసగా నవ్వు బొమ్మలు. మొట్టమొదటిది నాదే. కూర కలుపుతూ, ఎవరి ఫోటోనో కూడా చూడకుండా నొక్కేసి ఉంటాను. తల కొట్టేసినట్టయింది.

“నాదే తప్పు. క్షమించు” అన్నాను.

“ఈడ చెప్తె ఏం లాభం? అందరు చూసిన కాడ చెప్పాలె.”

ఆ మంచం మీదే కూర్చుని గ్రూపులో రాశాను, హిందీలోనూ తెలుగులోనూ. నేనూ నవ్వాను, అది తప్పు, ఆ ఫోటో వెంటనే తీసేయండి అని. కాసేపటికి ఫోటో పోయింది. అమ్మాయి మొహం మాత్రం తేటపడలేదు.

“పోనీ, నా ఫోటో తీసి పెట్టు. చెల్లుకు చెల్లు” అంటూ మంచం మీద వాలి, నోరు తెరిచి గుర్రు పెట్టాను. హాస్టల్ పిల్లలు పగలబడి నవ్వారు. ఆమెకూ నవ్వాగలేదు. కానీ ఫోను ముట్టలేదు.

“నన్ను నాకు తెల్వకుంట తీసిండ్రు. మీరు తియ్యమని పండుకున్నరు. రెండు ఒకటెట్లయితయి మేడమ్?”

లేచి కూర్చున్నాను. ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నదాన్ని, ఇంత సూటిగా ఎన్నడూ చెప్పలేకపోయాను. సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

ఆమె పెట్టెలోంచి యూనిఫాం తీసి కొక్కేనికి తగిలించింది.

“రేపు వస్త. ఈ ముచ్చట క్లాసుల నేనే చెప్త. మీరు ముందల బెంచిల కూసోండ్రి.”