తిట్టబోతే వాక్యం వచ్చింది

స్వతంత్రం రాకముందు మాట. కోడుమూరు దగ్గర ఒక పల్లెకు కొత్త కోడలిగా వచ్చాను. మా మామ రోజూ పొద్దున్నే బైబిల్లోంచి ఒక వాక్యం చదివి, పని చేసుకుంటూ దాన్నే మనసులో తలుచుకోమనేవారు. సాయంత్రం అప్పజెప్పాలి. ఆరోజు వాక్యం, మెత్తని మాట కోపాన్ని చల్లారుస్తుందని. మరిచిపోతానేమోనని బావి దాకా అదే గొణుక్కుంటూ పోయాను.

ఎండాకాలం. గంటసేపు కాచుకుని ఊటనీళ్లు తోడి కడవ నింపుకున్నాను. పక్కింటి ఖాజాబీ చేద తగిలి నా కడవ భళ్లున పగిలింది. ఒళ్లు మండిపోయింది. కొంగు బిగించి, నాకు తెలిసిన తిట్లలో పెద్దదాన్ని ఎంచుకుని నోరు తెరిచాను. బయటికి వచ్చింది మాత్రం వాక్యం! అదీ మా మామ చదివే రాగంతోనే.

బావి దగ్గరున్నవాళ్లంతా బిత్తరపోయారు.

"ఏమ్మే, కొట్లాటకొచ్చి ప్రార్థన చేస్తాండావా?" అంది ఖాజాబీ. ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు.

"నా కడవ ఎత్తుకొని పో. నేను మళ్లా తోడుకుంటాలే" అని ఆమే నా నెత్తికెత్తింది.

సంగతి తెలిసి మామ మురిసిపోయారు. "మా కోడలికి శానా ఓర్పుండాదప్పా" అని చర్చి సంఘమంతటికీ చెప్పుకున్నారు. ఇన్నేళ్లకు మీకు నిజం చెబుతున్నాను. నాకు ఓర్పు లేదు. పొద్దుటి నుంచి నోట్లో నానిన మాట తిట్టుకంటే ముందు బయటపడింది, అంతే.