చెప్పులు విప్పి ఎక్కిన పడవ

మా ముప్పయ్యో పెళ్లిరోజుకి ఇద్దరం అండమాన్ వెళ్లి, తీరిగ్గా దీవి తర్వాత దీవి చూసి రావాలని ప్లాన్ వేశాను. మా ఆవిడ సుగుణకు నీళ్లంటే భయం. "ముందు ఇక్కడ పడవెక్కి చూస్తాను. భయమేస్తే ప్రయాణం మానేద్దాం," అంది. అందుకని గుడివాడ నుంచి నాగాయలంక వెళ్లి, ఏటి అవతలి లంకకు చేపలు పట్టేవాళ్ల పడవ మాట్లాడాను.

సుగుణ ప్రార్థన చేసుకుంటూ కాలు పెట్టబోయింది. పడవలో వల సర్దుతున్నావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పులిప్పండమ్మా! పడవ మాకు తల్లి. అమ్మ ఒళ్లోకి చెప్పులేసుకుని ఎక్కుతారేంటి?"

"మేం ప్రభువును నమ్ముకున్నవాళ్లమమ్మా," అన్నాను జంకుతూ.

"నమ్ముకోండి బాబాయ్ గారూ, ఎవరొద్దన్నారు? చెప్పులు మాత్రం చేత్తో పట్టుకోండి," అని నవ్వింది.

సుగుణ నావైపు తిరిగింది. "దేవుడున్న చోట చెప్పులు విప్పాలని సండే స్కూల్లో పిల్లలకి చెప్పేది మీరే కదండీ. నీళ్ల మీద ఆయన లేడా?" అని చెప్పులు విప్పి ఎక్కేసింది. పడవ ఊగినప్పుడల్లా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది కానీ, కళ్లు మూసుకోలేదు. అవతలి ఒడ్డున దిగి, "అండమాన్‌కి టిక్కెట్లు కొనేయండి," అంది.

పోర్ట్‌బ్లెయిర్‌లో మొదటి దీవికి ఓడ ఎక్కేటప్పుడు, వరుసలో నా ముందున్న సుగుణ ఆగి వంగింది. టిక్కెట్లు చూస్తున్న తెలుగాయన, "ఇదేం గుడి కాదమ్మా!" అన్నాడు.

"అని ఎవరన్నారు బాబూ?" అంది సుగుణ.

నేనూ వంగి చెప్పులు చేత్తో పట్టుకున్నాను.