రాజుగారి ఎర్రగీత

భీమవరం కాలవ పొడుగునా ఎవరినైనా అడగండి. వెంకటరాజుగారు చెరువుగట్టున నిలబడి ఒక్కసారి ఆవలిస్తే చాలు, నీళ్ళలోని రొయ్యలన్నిటికీ పంట చేతికొచ్చేదాకా ఊపిరి సరిపోతుందంటారు. ఆవలింత మరీ పెద్దదైతే పక్క చెరువు రొయ్యలు కూడా గట్టు గెంతి ఇటు వచ్చేస్తాయట. వచ్చినవాటిని వెనక్కి పంపడం మర్యాద కాదని రాజుగారు ఉంచేసుకుంటారట.

ఇంత పేరు ఆయనకు ఒక టీవీ తెర మీద వచ్చింది. ఆయన రొయ్యల మేత కొనే కొట్టు యజమాని కూతురు ఆశాజ్యోతి. ఇంజనీరింగ్ చదివొచ్చిన ఆ పిల్ల, రైతుల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే సెన్సర్లు పెట్టించి, ఆ అంకెలన్నీ ఒక వెబ్ పేజీలో గీతలుగా కనబడేలా చేసింది. ఆ పేజీని కొట్టు గోడ మీది టీవీలో పెట్టింది. చెరువుకో రంగు గీత. గీత పైనుంటే రొయ్య సుఖంగా ఉన్నట్టు, కిందికి జారితే ఊపిరాడనట్టు.

మొదట్లో రైతులు మౌసు పట్టుకుని టకటకా నొక్కేవారు.

"నొక్కక్కర్లేదండి బాబూ! పేజీ దగ్గర అంకెలేం దాచిపెట్టి ఉండవు. కాసేపటికోసారి అదే సెన్సర్ల దగ్గర్నుంచి తెప్పించుకుని కొత్త గీత గీసుకుంటుంది" అనేది ఆశాజ్యోతి.

"ఏదొస్తే అది గీసేస్తుందా?" అన్నారు రాజుగారు.

"గీసేస్తుందండి. నిజమో కాదో దానికేం తెలుస్తుంది?"

ఆయనకు వచ్చిన చిక్కల్లా ఒక్కటే. అన్నిటికన్నా అడుగున పాకే ఎర్రగీత ఆయనదే.

"రాజుగారండీ, మీ గీత జారి టీవీ కింద పడిపోయిందేమో, బల్లకింద వెతికించమంటారా?" అన్నాడొకడు. కొట్టంతా ఘొల్లుమంది. తాతల నాటి నుంచి నలుగురిలో ముందు కుర్చీ వేయించుకున్న మనిషి, టీ సగంలో వదిలేసి బండెక్కారు. తిన్నగా చెరువులోకి దిగారు. నడుమ వెదురుకర్రకు కట్టిన సెన్సరును విప్పి, ఫ్యాను రెక్కలు నీళ్ళను చిలికి నురగలు తీసేచోట కట్టేశారు. నీటికి గాలి పట్టించే ఆ ఫ్యాను పక్కన ఆక్సిజన్‌కు కొదవేముంది? మర్నాటికి ఎర్రగీత అందరి నెత్తిమీదా ఉంది.

"ఏం మందేశారండీ?" అని మూగారు జనం.

అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. మూసుకుంటే ఆయన వెంకటరాజుగారు ఎలా అవుతారు?

"మందూ లేదు, మాకూ లేదు. బెల్లం, తవుడు పులవబెట్టి జల్లిస్తున్నా. ఫ్యాన్లు సగం ఆపించేశా. నీళ్ళకి సోమరితనం అలవాటు చెయ్యకూడదయ్యా!"

అందరూ నవ్వారు. చిట్టియ్య నవ్వలేదు. కౌలుకి చిన్న చెరువు తీసుకుని, ఉన్నదంతా అందులోనే పోసిన మనిషి. రాజుగారి మాటంటే అతనికి గురి.

తర్వాత, నీళ్ళలో ఊపిరి తగ్గించే మబ్బు పట్టిన ఒక ఉదయం, మేత బస్తాల కోసం అందరూ కొట్లో ఉన్నారు. తెరమీద నీలిగీత కిందికి వంగింది. కాసేపటికి మళ్ళీ గీసుకుంది, ఇంకా కిందికి. అది చిట్టియ్య చెరువు.

"ఒరే చిట్టియ్యా, ఇంటికి ఫోన్ చేసి ఫ్యాన్లన్నీ వేయించరా!" అన్నారు రాజుగారు.

"మీరు చెప్పినట్టే సగం ఆపానండి. బెల్లం నీళ్ళు కూడా నిన్ననే జల్లానండి."

"అది తర్వాత. ముందు వేయించు!"

చిట్టియ్య తెరవైపు చెయ్యి చూపించాడు. "ఈ మబ్బులోనూ మీ గీత చూడండి, ఎంత పైనుందో! కంగారుపడి వేస్తే మళ్ళీ మొదటికొస్తుందేమోనండి. కాస్త ఓపిక పడితే నాదీ లేస్తుంది."

నీలిగీత మరోమారు గీసుకుంది. రాజుగారు ఇంకో కథ అల్లుదామని చూశారు. కోటలు దాటే నోరు ఆ పూట కొట్టు గడప దాటలేదు.

"నాది దొంగ గీతరా" అన్నారు. "సెన్సరు ఫ్యాను పక్కన కట్టాను. ఫ్యాన్లు ఒక్కటీ ఆపలేదు. వేయించరా బాబూ, నీకు దణ్ణం పెడతాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండునని ఆయనకు అనిపించింది. చిట్టియ్య భార్యకు ఫోన్ చేసి, "సుబ్బాయీ, అన్నీ వేసెయ్యి!" అని అరుస్తూ బండి దగ్గరికి పరుగెత్తాడు. ఎర్రగీత మాత్రం పైనే నిగనిగలాడుతోంది.

"అమ్మాయ్, దాన్ని కాసేపు తీసెయ్యవా?" అన్నారు రాజుగారు తలొంచుకుని.

"తీసెయ్యడమెందుకండి? సెన్సరు నడుమకి మార్చి కట్టండి. అదే దిగుతుంది."

మార్చి కట్టారు. దిగింది. అట్నుంచటే చిట్టియ్య చెరువుకి వెళ్ళారు. ఊపిరాడక చచ్చిన రొయ్యలు ఓ మూలకి కొట్టుకొచ్చి తెల్లగా పరుచుకున్నాయి. మిగతావి బతికాయి. తిడతాడేమో, తిట్టించుకుందామని వెళ్ళిన మనిషికి చిట్టియ్య తన తుండు దులిపి గట్టుమీద పరిచాడు. "కూర్చోండి రాజుగారూ" అన్నాడు. ఆయనకు కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధీ కాలేదు.

జనం ఊరుకుంటారా? రాజుగారు కొట్లో కూర్చునే గాలి వాసన పట్టి, చిట్టియ్య బండికన్నా ముందు పరుగెత్తి, చెరువులో దూకి చేత్తో ఫ్యాను తిప్పి పంటను బతికించారని టీ బడ్డీ దగ్గర కుర్రకారు కథ మొదలెట్టింది. రాజుగారు గ్లాసు కింద పెట్టారు.

"వాసనా లేదు, దూకడమూ లేదండి. నేను అబద్ధం చెప్పాను. అతని రొయ్యలు చచ్చాయి."